ఎట్ గుర్తు తర్వాత ఉన్న పేరు

ఆయన బకెట్టు తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. చచ్చిన రొయ్యలు, నీచు నీళ్ళు, ఆ రోజు నేను సంతకాలు పెట్టాల్సిన కాగితాలు అన్నీ కలగలిసిపోయాయి. వేలెడంత కూడా పెరగని రొయ్యలు. పెంకుల మీద సుద్దతో పొడిచినట్టు తెల్లటి మచ్చలు. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి చూడనక్కర్లేదు. అవి ఏ జబ్బుతో చచ్చాయో వీధిలో పోయేవాళ్ళు కూడా చెప్పగలరు.

"ఏవమ్మా, ఇవి నెగెటివా? చదువుకున్నదానివిగా. చెప్పు. ఇవి నెగెటివా?" అన్నాడు.

నాకు బందరులో, కోనేరు సెంటరుకి దగ్గర్లో, ఒక మందుల షాపు పైన చిన్న ల్యాబు ఉంది. హేచరీల్లో పుట్టిన రొయ్య పిల్లల్ని రైతులు సీడు అంటారు. ఆ సీడుని చెరువులో వదిలే ముందు జబ్బులున్నాయో లేవో పరీక్షించి రిపోర్టు ఇవ్వడం నా పని. పాజిటివ్ అంటే జబ్బుంది, వదలకూడదు. నెగెటివ్ అంటే వదలొచ్చు. పన్నెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. పన్నెండేళ్ళలో నా బల్ల మీద ఎవరూ ఏదీ బోర్లించలేదు.

ఆయనది దివిసీమలో, నాగాయలంక అవతల సముద్రానికి దగ్గర పల్లె. అరవై దాటి ఉంటాయి. లుంగీ మోకాళ్ళ దాకా తడిసి ఉంది. ఆ బకెట్టు పట్టుకుని, ఆ వాసనతో, బస్సులో అందరి తిట్లూ తింటూ బందరు దాకా వచ్చాడని తర్వాత తెలిసింది. ఆయన వెనక గుమ్మంలో ఆయన కోడలు నిలబడి ఉంది. పాతికా ముప్పై మధ్య వయసు. చేతిలో ఫోను ఉంది. లోపలికి రాలేదు.

"మేం మీకు ఏ రిపోర్టూ ఇవ్వలేదండీ. మీరెప్పుడూ మా దగ్గరికి రాలేదు," అన్నాను. కోపంగానే అన్నాను. బల్ల మీద నుంచి నీళ్ళు నా చీర మీదికి కారుతున్నాయి.

అప్పుడు కోడలు మాట్లాడింది. "మీ మెయిలే అండీ. చూసుకునే వదిలించాం."

ఫోను నా ముందు పెట్టింది. మా ల్యాబు మెయిల్. పైన మా పేరు, ఎట్ గుర్తు, ఆ గుర్తు తర్వాత మా ల్యాబు పేరు. ఒక్క అక్షరం తేడా లేదు. కింద మా రిపోర్టు. మా ముద్ర, నా సంతకం. సీడు నెగెటివ్ అని ఉంది.

"వాట్సాప్‌లో వచ్చిందయితే నేను నమ్మేదాన్ని కాదు. మీరే కదండీ చెప్పారు," అంది.

అవును. నేనే చెప్పాను.

అంతకు ముందు ఏడాది, హేచరీల నుంచి సీడు తెచ్చి రైతులకి అమ్మే ఏజెంట్లు కొందరు మా రిపోర్టుల్ని ఫోన్లోనే దిద్ది, పాజిటివ్‌ని నెగెటివ్ చేసి వాట్సాప్‌లో రైతులకి పంపడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండి ఒక నియమం పెట్టాను. వాట్సాప్‌లో వచ్చిన రిపోర్టు చెల్లదు, మా మెయిల్ నుంచి వచ్చిందే చెల్లుతుంది అని. నాగాయలంకలో రైతుల మీటింగు పెడితే వెళ్ళి మైకులో మరీ చెప్పాను. "ఎట్ గుర్తు తర్వాత మా ల్యాబు పేరు ఉందో లేదో చూసుకోండి. ఉంటే మాది. లేకపోతే దొంగది. ఇంక దేన్నీ నమ్మొద్దు." చప్పట్లు కొట్టారు. ఆ మీటింగుకి ఆడవాళ్ళు నలుగురైదుగురే వచ్చారు. ఆ అమ్మాయి వాళ్ళలో ఒకతె అట.

నేను ఫోను తీసుకుని రిపోర్టుని పెద్దది చేసి చూశాను. రైతు పేరు ఆయనదే. తేదీ సరిపోయింది. రిపోర్టు నంబరు దగ్గర నా కన్ను ఆగింది. ప్రతి రిపోర్టుకీ మా రిజిస్టరులో ఒక నంబరు ఉంటుంది. లేచి రిజిస్టరు తెచ్చాను. ఆ నంబరు వెతికాను.

ఆ నంబరు ఉంది. ఎదురుగా ముదినేపల్లి ఏజెంటు ఒకతని పేరు ఉంది. పక్కన ఎర్ర సిరాతో నా చేతిరాతే. పాజిటివ్.

గుర్తొచ్చింది. సీడు శాంపిలు ఆ ఏజెంటు స్వయంగా తెచ్చాడు. పాజిటివ్ అని రిపోర్టు ఇచ్చి, "ఈ లాటు సీడంతా చంపేయండి, ఎవరికీ ఇవ్వొద్దు" అని చెప్పాను. "అయ్యో, మీరు చెప్పాక ఇంకేముంది మేడమ్ గారూ" అని నవ్వుతూ వెళ్ళాడు. హేచరీవాళ్ళు వెనక్కి తీసుకుని ఉండరు. ఇతను పారబోయనూ లేదు. నా రిపోర్టులో రెండు మాటలు మార్చాడు, నంబరు మార్చడానికి బద్ధకించాడు, మా పేరుతోనే రైతుకి పంపాడు.

ఆ క్షణంలో రిజిస్టరు మూసేయొచ్చు. మూసేస్తే నన్ను అడిగేవాళ్ళు లేరు. మూసేద్దామనే అనుకున్నాను, అబద్ధం చెప్పను. కానీ ఆ అమ్మాయి నా మొహమే చూస్తోంది.

"ఏం కనపడిందండీ?" అంది.

రిజిస్టరు ఆమె వైపు తిప్పాను. ఎవరు తెచ్చారో, ఏం వచ్చిందో, నేను ఆ రోజు ఏం చెప్పానో అన్నీ చెప్పాను. ఆ మెయిల్ నేను పంపలేదని కూడా చెప్పాను. పెద్దాయన అంతా విన్నాడు. విన్నాక అప్పటిదాకా లేని నెమ్మది వచ్చింది ఆయన గొంతులో.

"అంటే ఆ సీడుకి తెగులుందని నీకు ముందే తెలుసు."

"తెలుసండీ. కానీ పరీక్ష చేయించుకున్నవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పకూడదు. అది పద్ధతి."

"పద్ధతా? నీ పద్ధతి నా చెరువులో తేలుతోంది. వచ్చి చూసుకో."

"బాబాయ్ గారూ, మోసం చేసింది అతను. నేను కాదు."

"వాడు దొంగ. దొంగ దొంగపనే చేస్తాడు. నువ్వెవరు? మైకు పట్టుకుని నన్ను నమ్మండి అన్నది వాడా, నువ్వా?" కోడలి వైపు తిరిగాడు. "నువ్వూ ఈవిడా దొందూ దొందే. ఫోన్లో చూసి, పరవాలేదు మావయ్యా, వదిలించండి అన్నావు."

ఆ అమ్మాయి ఖాళీ బకెట్టు తీసుకుని మెట్లు దిగింది. ఆయన రొయ్యల్ని అక్కడే వదిలి వెళ్ళాడు. మా ల్యాబులో పనిచేసే ఇద్దరమ్మాయిలూ ముక్కులకి చున్నీలు కట్టుకుని బల్ల కడిగారు. నేనూ కడిగాను. వారం రోజులు ఆ గదిలో ఎవరూ అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే గుడివాడ బస్సెక్కాను. మా వెబ్‌సైటూ మెయిలూ పెట్టిచ్చినాయన అక్కడ ఒక జిరాక్సు షాపు మేడ మీద కంప్యూటరు సెంటరు నడుపుతాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మర్యాదస్తుడే కానీ మొండి. ముందు రోజు సాయంత్రమే ఆ అమ్మాయికి ఫోన్ చేసి బతిమాలుకుని, ఆ మెయిల్‌ని ఆయన చెప్పిన పద్ధతిలో ఫైలుగా పంపించుకున్నాను. ఊరికే ఫార్వర్డ్ చేస్తే లోపలి ఆనవాళ్ళు పోతాయట.

ఆయన ఆ ఫైలు తెరిచి, పైనుంచి కిందకి చూసి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఇది మీ మెయిల్ కాదు మేడమ్. మూకుమ్మడిగా మెయిల్స్ పంపే ఒక కంపెనీ సర్వరు నుంచి వచ్చింది. లోపల సంతకం కూడా ఆ కంపెనీదే. ఫ్రమ్ అన్న చోట మాత్రం మీ పేరు రాశారు."

"మన పేరు వాళ్ళెలా రాస్తారండీ? పాస్‌వర్డు దొంగిలించారా?"

"పాస్‌వర్డుతో పనేముంది? నేను మీ ఇంటి అడ్రసు ఫ్రమ్‌లో రాసి కవరు పోస్టులో వెయ్యలేనా? పోస్ట్‌మాన్ వచ్చి మిమ్మల్ని అడుగుతాడా? ఇదీ అంతే. ఎవరైనా రాయొచ్చు. రాయకుండా ఆపాలంటే మనం ముందే చెప్పి పెట్టుకోవాలి."

"మరి ఎందుకు చెప్పి పెట్టలేదు?"

ఆ మాట అడగకుండా ఉండాల్సింది. ఆయన తన ఫోను తీసి, చాలా సేపు పైకి జరిపి జరిపి, ఒక చోట ఆపి నా ముందు పెట్టాడు. రెండేళ్ళ క్రితం ఆయన నాకు పంపిన సందేశం. 'మేడమ్, మీ డొమైన్‌కి మూడు రికార్డులు పెట్టాలి. లేకపోతే మీ పేరుతో ఎవరైనా మెయిల్ పంపగలరు. అరగంట పని.' కింద నా జవాబు. 'ఇప్పుడు అవసరం లేదు. బిల్లు పెంచడానికి కొత్త దారులు వెతక్కండి.'

"బిల్లు వెయ్యకూడదనే అనుకున్నానండీ ఆ రోజు," అన్నాడాయన. ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం.

ఆ మూడు రికార్డులేమిటో ఆ రోజు కూచుని నేర్చుకున్నాను. డొమైన్ అంటే ఎట్ గుర్తు తర్వాత వచ్చే మా పేరు. ఆ పేరుకి ఇంటర్నెట్‌లో అందరూ చూడగలిగే ఒక చిట్టా ఉంటుంది. అందులో మొదట ఎస్‌పీఎఫ్. మా తరఫున మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకి ఉందో ఆ జాబితా. రెండోది డీకిమ్. మేం పంపే ప్రతి మెయిల్ మీదా కంటికి కనపడని సంతకం పడుతుంది, దాన్ని పోల్చుకునే తాళం చిట్టాలో ఉంటుంది. మూడోది డీమార్క్. ఫ్రమ్‌లో రాసిన పేరూ, పంపిన సర్వరో సంతకమో చెప్పే పేరూ ఒకటి కాకపోతే ఆ మెయిల్‌ని ఏం చెయ్యాలో అందుకునేవాళ్ళకి ఇదే చెబుతుంది. ఊరికే చూసి వదిలెయ్యమనొచ్చు, స్పామ్‌లో పడెయ్యమనొచ్చు, రానివ్వొద్దనొచ్చు. పైగా మా పేరుతో ఎక్కడెక్కడి నుంచి ఎన్ని మెయిల్స్ వచ్చాయో రోజూ మాకు ఒక రిపోర్టు పంపుతుంది.

నేను జబ్బుల పరీక్షలు చేసేదాన్ని. ప్రతి శాంపిలు సీసా మీదా ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో, మూత ఎవరు తీశారో రాయందే ముట్టుకోను. అలాంటిదాన్ని మెయిల్ విషయంలో ఒక పేరు చూసి నమ్మమని ఊళ్ళవాళ్ళందరికీ చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆ కంప్యూటరు సెంటరు కుర్చీలో నా మీద నాకే అసహ్యం వేసింది.

అసహ్యంతో ఇంటికి వెళ్ళలేదు. అక్కడి నుంచి ముదినేపల్లి వెళ్ళాను.

ఏజెంటు షాపు రోడ్డు మీదే ఉంది. మేత బస్తాలు, ఆక్సిజన్ సిలిండర్లు, గోడకి వినాయకుడి క్యాలెండరు. అతను కుర్చీలోంచి లేచి మరీ పలకరించాడు.

"రండి రండి మేడమ్ గారూ. చెప్పా పెట్టకుండా వచ్చారే. కొబ్బరి బొండం కొట్టిస్తానుండండి."

"నా రిపోర్టు దిద్ది దివిసీమ రైతుకి పంపింది మీరేనా?"

"ఏ రిపోర్టండీ?"

నంబరు చెప్పాను. అతను కాసేపు పైకి చూసి ఆలోచిస్తున్నట్టు నటించాడు.

"ఓ, ఆ బావగారా. పాపం, చెరువు పోయిందటగా. విన్నాను. మెయిల్ ఎవరి పేరుతో వచ్చిందండీ? మీ పేరుతోనా, నా పేరుతోనా?"

"నా పేరుతో మీరు పంపారు."

"చూశారా మరి. మీ పేరుతో వచ్చినదానికి నన్ను అడుగుతున్నారు. నా పేరు ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే కాళ్ళ మీద పడతాను." నవ్వాడు. "మేడమ్ గారూ, ఒక మాట. రైతుకి మీరు పాజిటివ్ అని ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్తారు? నన్ను లాగితే మీరూ వస్తారు. ఆడవాళ్ళు, కోర్టుల చుట్టూ ఎందుకండీ?"

బొండం వచ్చింది. నేను ముట్టుకోలేదు. బయటికి వచ్చి రోడ్డు పక్క నిలబడితే ఎదురుగా చేపల చెరువులో మేత పడవ నింపాదిగా తిరుగుతోంది. బందరు బస్సెక్కాను.

బస్సులోంచే గుడివాడ ఆయనకి ఫోన్ చేశాను. "ఈ రోజే రిజెక్ట్ పెట్టండి. మనది కాని మెయిల్ ఒక్కటి కూడా వెళ్ళకూడదు."

"అలా కాదండీ. ముందు ఊరికే చూస్తూ ఉండేట్టు పెడదాం. రెండు మూడు వారాలు రిపోర్టులు చూసి, మన మెయిల్స్ అన్నీ ఏయే దారుల్లో వెళ్తున్నాయో తెలుసుకుని..."

"నేను చెప్పింది చెయ్యండి."

"సరే. రేపు నన్ను తిట్టకండి."

రెండో రోజే తిట్లు మొదలయ్యాయి. ఆయన్ని కాదు, నన్ను. హేచరీ మేనేజరు ఫోను. "ఏంటమ్మా, సీడు ప్యాక్ చేసి లారీ ఎక్కించాను. కొనేవాళ్ళు రిపోర్టు రాలేదంటున్నారు. పంపానని మీరంటారు. ఎవరిది అబద్ధం?" తర్వాత ఇంకో హేచరీ. తర్వాత అవనిగడ్డ నుంచి ఒక రైతు, నోటికొచ్చినట్టు. మా ల్యాబులో రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేరు తనంతట తానే మెయిల్ చేస్తుంది. అది ఆ సాఫ్ట్‌వేరు కంపెనీ సర్వరు నుంచి వెళ్తుంది. మా జాబితాలో ఆ సర్వరు లేదు, మా సంతకం దానికి లేదు. కాబట్టి నిజమైన మా రిపోర్టుల్నే అన్నిచోట్లా దొంగవని తిప్పికొట్టారు. దొంగ ఏజెంటుకి వేసిన గడియ మా ఇంటివాళ్ళకే పడింది.

గుడివాడ ఆయన ఫోన్లో ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. అది ఇంకా మంట. సాఫ్ట్‌వేరు కంపెనీతో మాట్లాడి ఆ సర్వరుకి కూడా మా సంతకం వచ్చేట్టు చేశాడు. అది సర్దుకునే దాకా రెండు రోజులు నేనూ మా అమ్మాయిలూ ప్రతి రిపోర్టూ చేత్తో పంపి, ఫోన్ చేసి, క్షమాపణలు చెప్పాం. ఒక హేచరీ మా దగ్గరికి రావడం మానేసింది. మళ్ళీ రాలేదు.

ఈలోగా పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాను. అక్కడి హెడ్ కానిస్టేబుల్ కాగితం చదివి, "మెయిల్ మీ పేరుతో వచ్చిందంటున్నారు. మరి ముద్దాయి మీరేగా?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడనుకుంటాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. కాగితం తీసుకున్నారు. అంతే.

రోజూ డీమార్క్ రిపోర్టులు వచ్చేవి. తెరిస్తే గుర్తులూ అంకెలూ తప్ప మనిషి చదివే మాట ఒక్కటి ఉండదు. గుడివాడ ఆయన వాటిని పట్టికగా మార్చి పంపేవాడు. ఎవరికి పంపారో అందులో ఉండదు. ఏ సర్వరు నుంచి వచ్చాయో, వాటిని లోపలికి రానిచ్చారో లేదో ఉంటుంది. నెల దాటాక ఒక రోజు ఆ పట్టికలో ఒక వరస ఎర్రగా ఉంది. ఆ రైతుకి దొంగ మెయిల్ పంపిన సర్వరు నుంచే మళ్ళీ మా పేరుతో మెయిల్స్ పోయాయి. అన్నిటినీ తిప్పికొట్టారు.

అది చూస్తుండగానే కోడూరు నుంచి ఫోను. మగగొంతు, కంగారు.

"మేడమ్ గారాండీ? ఏజెంటు గారు మీ ల్యాబు నుంచి రిపోర్టు మెయిల్ వచ్చిందంటున్నారండీ. మాకు రాలేదు. నిన్నట్నుంచి చూస్తున్నాం. మళ్ళీ ఒకసారి కొట్టండి."

ఏజెంటు ఎవరని అడిగాను. ముదినేపల్లి అతనే. రిపోర్టు నంబరు చెప్పమంటే, ఏజెంటు ఫోన్లో చెప్పాడంటూ ఒక నంబరు చదివాడు. రిజిస్టరు తీశాను. ఆ నంబరు వేరే ఏజెంటుది. పాజిటివ్. ఆ సీడూ రిపోర్టూ చేతులు మారి ఇతని దగ్గరికి వచ్చాయన్నమాట. నేను ఆ సీడు ఎవరి చేతుల్లోకి వెళ్ళిందో ఎన్నడూ అడగలేదు.

పద్ధతి గుర్తొచ్చింది. ఈసారి దాన్ని పక్కన పెట్టాను.

"ఆ సీడు వదలకండి. ఆ నంబరు లాటుకి జబ్బుంది. నేనే పరీక్ష చేశాను. పాజిటివ్," అన్నాను.

అవతల నుంచి అరుపులు.

"వదలకండంటే ఏంటండీ? బండి గట్టు మీదుంది! సంచుల్లో గాలి అయిపోతోంది. సున్నం చల్లాను, నీళ్ళు పెట్టాను, మనుషుల్ని పిలిచాను. ఇప్పుడు చెప్తారా? ముందే చెప్పలేరా? మీ ల్యాబులు, మీ ఏజెంట్లు, అందరూ ఒకటే! మా ఉసురు తగుల్తుంది మీకు!"

"తగలనివ్వండి. సీడు మాత్రం వదలకండి. బండిని పోనివ్వకండి."

థాంక్స్ చెప్పలేదు. ఫోన్ పెట్టేశాడు. నేను బ్యాంకు మీటింగు ఒకటి మానుకుని, రిజిస్టరు చంకన పెట్టుకుని, కారు మాట్లాడుకుని, చల్లపల్లి మీదుగా పులిగడ్డ వంతెన దాటి కోడూరు వెళ్ళాను. వెళ్ళేసరికి గట్టు మీద పాతికమంది ఉన్నారు. బండి చక్రాల ముందు కొబ్బరి దుంగలు వేసి ఆపారు. ఏజెంటు బండిలోనే ఉన్నాడు, అద్దాలు ఎక్కించుకుని. నన్ను చూశాక కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. ఎవరో అద్దం మీద చెప్పుతో కొట్టారు. నేను ఆపలేదు.

పోలీసులు వచ్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. రిజిస్టరు చూపించాను, ఎర్ర వరసల పట్టిక చూపించాను. అతని ల్యాప్‌టాప్ బండిలోనే దొరికింది. ఆ మూకుమ్మడి మెయిల్స్ కంపెనీ పేజీ తెరిచే ఉందట. ఫ్రమ్ అన్న చోట మా పేరే కాదు, ఇంకో రెండు ల్యాబుల పేర్లు కూడా ఉన్నాయట.

పాత కేసు కూడా దీంతో కలపాలంటే పెద్దాయన కుటుంబం నుంచి ఎవరో ఒకరు వాంగ్మూలం ఇవ్వాలన్నారు. పెద్దాయన ఇవ్వనన్నాడు. స్టేషను మెట్లెక్కిన కొంపలు బాగుపడవని ఆయన నమ్మకం. కోడలు ఇస్తానంది. ఇంట్లో గొడవ జరిగిందని ఆమె చెప్పలేదు. కానీ ఆ రోజు ఆమె స్టేషనుకి ముందు వచ్చింది, మామగారు అరగంట తర్వాత వేరే బస్సులో వచ్చాడు. లోపలికి రాలేదు. బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలీదు. నేను చేసిన పని ఆయనకి చెప్పుకోవాలనిపించింది. మెయిల్‌కి ఏం పెట్టించానో, కోడూరులో సీడు ఎలా ఆగిందో చెప్పాను. మా పేరుతో ఇక ఎవరూ మెయిల్ పంపలేరన్నాను.

ఆయన విని, "ఆ పెట్టినదేదో, దానికెంతసేపు పట్టింది?" అని అడిగాడు.

అబద్ధం చెప్పాలనిపించింది. "అరగంటండీ," అన్నాను.

"అరగంట." ఆయన రోడ్డు వైపు చూశాడు. "కోడూరువాడి గట్టు దాకా వచ్చి ఆగింది. నా గట్టు దగ్గర ఆగలేదు. నీకు ఆ అరగంట దొరకలేదు."

క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆయన మొహం చూశాక అడగలేదు. అడిగి ఉంటే అది కూడా ఆయన్ని ఏదో ఇమ్మని అడిగినట్టే ఉండేది. ఆయన అవనిగడ్డ బస్సు చూసి చెయ్యెత్తి ఆపాడు. కోడలు ఇంకా లోపలే ఉంది. ఆమె కోసం ఆగలేదు.

ఆమె బయటికి వచ్చాక ఇద్దరం బల్ల మీద కూచున్నాం. టీ తాగుతావా అంటే వద్దంది.

"ఇంట్లో ఏమంటున్నారు?" అన్నాను.

"ఏమనాలో అన్నీ అన్నారండీ. ఇంక కొత్తవి లేవు." ఫోను సంచీలో పెట్టుకుంటూ, "నేను మీకోసం రాలేదండీ. మీరు బయటపడాలని కాదు. నేను సరిగ్గానే చూశానని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని వచ్చాను. అందులో రాశారు. చదివి సంతకం పెట్టాను," అంది.

ఏజెంటుకి బెయిలు వచ్చింది. ముదినేపల్లి షాపు మూసి, బంధువు పేరుతో ఇంకోచోట తెరిచాడని విన్నాను. వాళ్ళ లాయరు నుంచి నాకు నోటీసు వచ్చింది. పరీక్ష చేయించుకున్నవాళ్ళ రహస్యం బయటపెట్టానని, అతని పరువు తీశానని. దానికి జవాబు ఇచ్చాను. కేసు నడుస్తోంది.

మా ల్యాబులో ఇప్పుడు శాంపిలు తీసుకునే ముందే ఒక కాగితం మీద సంతకం తీసుకుంటాను. పాజిటివ్ వస్తే ఆ లాటు నంబరు ఎవరడిగినా చెబుతానని. చూసి కొందరు ఏజెంట్లు శాంపిలు వెనక్కి తీసుకుపోయారు. ఒకడు మెట్ల మీద నిలబడి, "మీ దుకాణం మీరే మూసుకుంటున్నారు" అన్నాడు. మూసుకుంటే మూసుకుంటానన్నాను. గుడివాడ ఆయనకి ఇప్పటిదాకా చేసిన పనికి కాకుండా ఏడాదికి ఇంతని ఇచ్చి, రోజూ ఆ పట్టిక పంపమన్నాను. ఆయన తీసుకున్నాడు. మా మధ్య మాటలు పనిమట్టుకే.

పెద్దాయన చెరువు కౌలుకిచ్చేశాడు. మొన్న కోడలు ఫోన్ చేసింది. కోర్టుకి మా రిజిస్టరు పేజీ నకలు కావాలట. మెయిల్‌లో పంపమంటావా అని అడిగాను.

"వద్దండీ. కాగితం మీద ఇవ్వండి. నేనే వచ్చి తీసుకెళ్తాను," అంది.

ఎప్పుడొస్తావని అడిగేలోపే ఫోన్ పెట్టేసింది.